దూబగుంట ఓటు ఎటు పోయింది?

మద్యం గురించి ఇప్పుడు ఏ పార్టీవాళ్లు మాట్లాడినా బ్రాండ్లు, రేట్లు, నాణ్యత గురించే. నెల్లూరు జిల్లావాళ్లం మాకు ఆ మాటలు వింటే మనసు కలుక్కుమంటుంది. ముప్పై ఏళ్ల కిందట ఇక్కడి ఆడవాళ్లు మంచి సరుకు ఇమ్మని అడగలేదు. అసలు వద్దన్నారు.

తెలుగుదేశం 1982లో ‘సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు’ అంటూ వచ్చింది. కిలో రెండు రూపాయల బియ్యం ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించిందో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో పోయించింది. ప్యాకెట్ వచ్చాక సారా జేబులో పట్టింది, సైకిలెక్కి ఊరూరా తిరిగింది. మూల పంటితో కొరికి, పీల్చి పారేసే చిన్న ప్లాస్టిక్ కవరు. సాయంత్రం కూలి డబ్బులు ఇల్లు చేరకముందే దానికి పోయేవి. బియ్యంలో మిగిలిన రూపాయి సారాలో పోయేది. 1989లో కాంగ్రెస్ వచ్చినా ప్యాకెట్ ఆగలేదు.

1991లో జిల్లాలో పెద్దవాళ్లకి చదువు నేర్పే ‘అక్షరదీపం’ కార్యక్రమం మొదలైంది. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టుకుని కూర్చున్నారు. వాచకంలో సారా వల్ల చితికిపోయిన కాపురం గురించిన పాఠం వచ్చింది. అది ఎవరి కథో వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. తర్వాతి వాచకంలో ఆ సంగతే పాఠమైంది. 1992లో ఊరూరా చీపుర్లు, కారప్పొడి బయటికొచ్చాయి. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఏ పార్టీ జెండా పట్టుకుని వచ్చినవాళ్లు కాదు వీళ్లు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. ఆడవాళ్లు అక్కడితో ఊరుకోలేదు, బ్రాందీ షాపులూ పోవాలన్నారు. ప్యాకెట్ తెచ్చిన ఎన్టీఆరే ఈసారి సంపూర్ణ నిషేధం తెస్తానని మాటిచ్చారు. 1994లో 294 సీట్లకు 216 గెలిచారు, ప్రమాణ స్వీకార వేదిక మీదే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ పార్టీ తన ఓటరుకి అంత దగ్గరగా మళ్లీ ఎప్పుడూ రాలేదని నా నమ్మకం.

1995లో నాయకత్వం మారింది. ఖజానాకు ఆదాయం పడిపోయింది, పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు వచ్చింది. ఆ ఇబ్బందులు నిజమే. 1997లో నిషేధం ఎత్తేశారు. పార్టీ మాటల్లోకి సంస్కరణలు, పెట్టుబడులు, హైటెక్ వచ్చాయి. ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచుకుంటూ ‘పొదుపులక్ష్మి’ గ్రూపులు కట్టింది ఈ జిల్లా ఆడవాళ్లే. ఆ తర్వాత ప్రభుత్వాల కంటికి వీళ్లు అప్పులు ఇప్పించాల్సిన, సభలకు పిలవాల్సిన గ్రూపు సభ్యులుగానే కనిపించారు. సారా సంగతి మళ్లీ అడిగినవాళ్లు లేరు.

2019లో వైసీపీ దశలవారీ నిషేధం అంది. ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, నిషేధం మాత్రం రాలేదు. 2024 ఎన్నికల్లో గొడవంతా ఆ దుకాణాల్లోని బ్రాండ్ల మీద, రేట్ల మీద నడిచింది. తెలుగుదేశం నాణ్యమైన మద్యం తక్కువ ధరకు ఇస్తామంది, గెలిచింది. అక్టోబరు 16న ప్రైవేటు షాపులు తెరుచుకున్నాయి. అందులో 99 రూపాయల సీసా ఉంది. రోజుకో రూపాయి చొప్పున దాచుకున్న ఆడవాళ్లకి అది మూడు నెలల పొదుపు.