నౌరూ అనగానే బరువులే ఎందుకు?

2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలను 10 ఆటలకు కుదించారనగానే హాకీ పోయింది, బ్యాడ్మింటన్ పోయింది, రెజ్లింగ్ పోయింది అని అందరూ మొత్తుకున్నారు గానీ, మన విజయనగరం జిల్లాలో వెయిట్‌లిఫ్టర్ల ఊరైన కొండవెలగడ లాంటి చోటికి కావాల్సింది వెయిట్‌లిఫ్టింగ్ ఉందా లేదా అన్నదే. ఉంది. పసిఫిక్‌లోని నౌరూకీ అదే పెద్ద కబురు.

నౌరూ అంటే 21 చదరపు కిలోమీటర్ల దీవి, నెల్లిమర్ల మండలంలో ఓ మూల పట్టేస్తుంది. కామన్వెల్త్‌లో వాళ్లకొచ్చిన పతకాలు దాదాపు అన్నీ బరువులెత్తి తెచ్చుకున్నవే.

ఫాస్ఫేట్ తవ్వకాలతో డబ్బులు దండిగా ఉన్న రోజుల్లో అక్కడి పిల్లలు ఆస్ట్రేలియాకి చదువులకి వెళ్లేవారు. మార్కస్ స్టీఫెన్ అలా విక్టోరియాలో చదువుకుంటూ బార్ పట్టాడు. 1990 ఆక్లాండ్ క్రీడలకు నౌరూ మొదటిసారి వెళ్లింది, వెళ్లిందంటే ఇతనొక్కడే వెళ్లాడు, 60 కిలోల విభాగంలో స్నాచ్ స్వర్ణంతో పాటు రెండు రజతాలు పట్టుకొచ్చాడు (అప్పట్లో బార్‌ని ఒక్క ఊపులో తలపైకెత్తే స్నాచ్‌కీ, ముందు భుజాల దాకా తెచ్చి ఆపైన ఎత్తే జెర్క్‌కీ, రెండూ కలిపిన టోటల్‌కీ విడివిడిగా పతకాలిచ్చేవారు లెండి). 1992 బార్సిలోనా నాటికి దేశానికి ఒలింపిక్ గుర్తింపే లేదు, దాంతో సమోవా తరఫున దిగాల్సొచ్చింది. 1994లో గుర్తింపు దొరికాక 1996 అట్లాంటాకి ముగ్గురు వెళ్లారు, ముగ్గురూ లిఫ్టర్లే. 2007లో స్టీఫెన్ ఏకంగా దేశాధ్యక్షుడయ్యాడు.

ప్రారంభోత్సవంలో ఇద్దరో ముగ్గురో జెండా పట్టుకుని నడిస్తే "అయ్యో పాపం" అంటాం కదా, ఆ జాలి అనవసరం. 2010 ఢిల్లీలో, మన గడ్డ మీదే, 77 కిలోల స్వర్ణం నౌరూ కుర్రాడు యుకియో పీటర్‌ది, మన సుధీర్ కుమార్‌ది మూడో స్థానం.

ఫుట్‌బాల్ టీమ్ కట్టాలంటే పదకొండు మంది కావాలి, గ్రౌండ్ కావాలి. లిఫ్టింగ్‌కైతే ఓ షెడ్డు, బార్, ప్లేట్లు, పట్టున్న కోచ్ ఉంటే పని మొదలైపోతుంది. పైగా 60 కిలోల మనిషి తన కేటగిరీ వాళ్లతోనే తలపడతాడు, వెనక ఎన్ని కోట్ల జనం ఉన్నారన్నది ఎవరిక్కావాలి? మన దగ్గరా ఇదే లెక్క. 2014 గ్లాస్గోలో కొండవెలగడ అమ్మాయి మత్స సంతోషి 53 కిలోల విభాగంలో స్నాచ్ 83, జెర్క్ 105, మొత్తం 188 కిలోలెత్తి మూడో స్థానంలో నిలిచింది. నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది. స్వర్ణం పాపువా న్యూ గినీకి చెందిన డికా టౌవాకి దక్కింది. ఈ డికా ఎవరో కాదు, 2000 సిడ్నీలో ఆడవాళ్లకి తొలిసారి ఒలింపిక్ లిఫ్టింగ్ పెట్టినప్పుడు అందరికంటే ముందు బార్ ఎత్తిన మనిషి. శ్రీకాకుళం వైపు వూసవానిపేటలో బరువులు మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 240 కిలోలతో కాంస్యం తెచ్చిందీ ఆ సిడ్నీలోనే.

నౌరూకి 2022 బర్మింగ్‌హామ్‌లో కూడా ఓ కాంస్యం వచ్చింది, మాక్సిమినా ఉయేపా తెచ్చింది. అదీ లిఫ్టింగే.