మిడ్జెట్ రేసింగ్ ఖర్చు, రూల్ బుక్: కొన్ని అపోహలు - వాస్తవాలు

వారమంతా సాఫ్ట్‌వేర్, శనివారం రాత్రి మట్టి. ఇండియానాలో మా ఇంటికి దగ్గర్లో ఒక పావు మైలు డర్ట్ ట్రాక్ ఉంది. అక్కడ మిడ్జెట్ కార్లకు, అంటే చక్రాలు బయటికి కనబడే చిన్న రేసు కార్లకు, టెక్ ఇన్‌స్పెక్షన్ (కారు రూల్స్ ప్రకారం ఉందో లేదో తనిఖీ) చేస్తుంటాను. జీతం లేదు, రెండు హాట్‌డాగ్‌లు పెడతారు. చూడ్డానికి వచ్చిన మనవాళ్లు వీటిని గో-కార్ట్‌లనుకుంటారు. కాదు. పెద్ద సిరీస్‌ల్లో 400 కిలోలకు అటూ ఇటూగా తూగే కారుకు 300 హార్స్‌పవర్ పైనే ఉంటుంది. క్లచ్ లేదు, స్టార్టర్ లేదు, వెనక నుంచి ట్రక్కు నెడితేనే ఇంజన్ అందుకుంటుంది.

అపోహ: పాతరోజుల్లో ఇది పేదవాడి రేసు. ఇప్పటి డబ్బున్నవాళ్లే పాడుచేశారు.

1933లో కాలిఫోర్నియాలో మొదలైనప్పుడు పడవ మోటార్లు, బైక్ ఇంజన్లు, ఏది దొరికితే అది బిగించేవాళ్లు. చూస్తుండగానే రేసు కోసమే తయారుచేసిన ఆఫెన్‌హౌజర్ ఇంజన్ దిగింది. అది కొనలేనివాళ్లు 1937లో వచ్చిన ఫోర్డ్ వీ8-60తో నెట్టుకొచ్చారు. అది మామూలు కార్ల ఇంజన్. అంటే ఈ గొడవ 90 ఏళ్ల నాటిదే.

అపోహ: రూల్స్ ఎన్ని పెడితే ఖర్చు అంత తగ్గుతుంది.

నేనూ అలాగే అనుకున్నాను. నాబ్ తిప్పి గట్టిదనం మార్చుకునే అడ్జస్టబుల్ షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) ఖరీదని, వాటిని నిషేధిస్తూ ఒక పేజీ రాశాం. టైప్ చేసింది నేనే. సీజన్ మొదటి రాత్రి ఒక ట్రెయిలర్‌లోకి తొంగి చూస్తే గోడకు వరసగా 18 షాక్‌లు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి తెల్ల టేపు, దాని మీద మార్కర్‌తో నంబరు. మట్టి తడిగా ఉంటే ఈ నాలుగు, ఆరిపోతే ఆ నాలుగు. నాబ్ తిప్పితే అయిపోయే పనికి సెట్లకు సెట్లు కొన్నారు! రూల్ ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఉన్న నాలుగింటితోనే సరిపెట్టుకుంటున్న పక్క టీమ్ ఆయన నావైపు ఒక చూపు చూశాడు, ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి ఏడు ఆ పేజీ తీసేసి ఒకే వాక్యం పెట్టాం: రేసు అయ్యాక గెలిచిన కారు షాక్‌లను, ముందే ప్రకటించిన ధర కట్టి, ఏ పోటీదారైనా తీసుకోవచ్చు. క్లెయిమ్ రూల్ అంటారు దీన్ని. ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు. కానీ ఆ ధర దాటినవి బిగించడం మానేశారు.

అప్పటినుంచి నాదొక లెక్క. శనివారం రాత్రి టార్చిలైటు పట్టుకుని రెండు నిమిషాల్లో తేల్చలేని రూల్ రాయకూడదు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే రంధ్రానికి కొలత పెట్టామా, పిన్ గేజ్ (కచ్చితమైన కొలత ఉన్న పుల్ల) దూరిస్తే తెలిసిపోతుంది. ఇంజన్ విప్పకుండా బోల్టుకు తీగతో సీల్ వేశామా, తీగ తెగిందో లేదో కన్ను చెబుతుంది. ఫోర్డ్ ఫోకస్ కారు ఇంజన్ బిగించిన మిడ్జెట్ల క్లాసు నడిచింది కూడా ఇలాంటి సీల్డ్ ఇంజన్లతోనే.

అపోహ: ఖర్చంతా ఇంజన్‌దే.

ఇంజన్ ఖరీదైనదే, పెద్ద సిరీస్‌ల్లో పదుల వేల డాలర్లు. కానీ చిన్న ట్రాక్‌లో జేబుకు వారం వారం చిల్లు పెట్టేది టైరు. అందరికీ ఒకే గట్టి రకం టైరు పెడితే అది నాలుగు రాత్రులు వస్తుంది. కొందరు దాన్ని మెత్తబరచడానికి కెమికల్ పూస్తారు. అది పట్టాలంటే ముక్క కోసి ల్యాబ్‌కు పంపాలి. నా రెండు నిమిషాల లెక్క ఇక్కడ పనిచేయదు, ఒప్పుకుంటాను.

అపోహ: చవక ఇంజన్లయితే జనం రారు.

స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు ల్యాప్‌లో అర సెకను తేడా కనబడదు. ఖర్చు భరించలేక టీమ్‌లు తగ్గి ఏడు కార్లే తిరుగుతుంటే మాత్రం పాప్‌కార్న్ కోసం లేచిపోతారు.

అపోహ: పొదుపు కోసం సేఫ్టీలోనూ కాస్త చూసీచూడనట్టు పోవాలి.

కుదరదు. ఎస్‌ఎఫ్‌ఐ (రేసింగ్ సేఫ్టీ ప్రమాణాలు పెట్టే సంస్థ) ట్యాగ్ ఉన్న మామూలు సీటు బెల్టుకు రెండేళ్లే గడువు. ఈ కార్లలో పోసే మిథనాల్ ఇంధనం మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. పోయిన వేసవిలో ఒక కుర్రాడు హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చున్నాక చూస్తే బెల్టు గడువు దాటి నెలయింది. వద్దన్నాను. వాళ్ల నాన్న ఏమీ అనలేదు, ట్యాగ్ వంకే చూస్తూ నిలబడ్డాడు. అంతలో ఒకాయన విడి బెల్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆ 18 షాక్‌ల ట్రెయిలర్ ఆయనే.