చీనీ తోటలో వెంచురీ, సముద్రపు మొగలో ఇసుక

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటకు డ్రిప్పు వేసినవారందరికీ వెంచురీ తెలుసు. మెయిన్ లైన్లో గేట్ వాల్వు కాస్త బిగిస్తే నీళ్లు పక్కనున్న ఇరుకు గొట్టంలోంచి దూసుకుపోతాయి. అక్కడ వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. బకెట్లో కలిపిపెట్టిన ఎరువును లైను పీల్చుకుంటుంది. సముద్రంలో పడవల దారి పూడిపోకుండా కాపాడే ఓ యంత్రం కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది.

ముందు ఇసుక సంగతి. అల ఏటవాలుగా వచ్చి రేణువును ఒడ్డు మీదికి ఓరగా తోస్తుంది. వెనక్కి జారే నీరు మాత్రం వాలు వెంట నేరుగా దిగుతుంది. అలా ప్రతి అలకూ రేణువు కొంత పక్కకు జరుగుతుంది. మన తూర్పు తీరంలో మొత్తమ్మీద ఈ నడక ఉత్తరం వైపు. తాడిపత్రి, గండికోట, సిద్దవటం మీదుగా పెన్న మోసుకెళ్లిన ఇసుకకూ నెల్లూరు తీరం చేరాక అదే దారి. ఒడ్డు వెంట ఇసుక ఏరు పారుతోందనుకోండి. మధ్యలో మొగ, అంటే ఏటి నీరు సముద్రంలో కలిసే, పడవలు వచ్చిపోయే నోరు, తగిలితే అక్కడ మేట వేస్తుంది.

మొగకు రెండు పక్కలా రాతికట్టలు కట్టి దారి ఇరుకు చేస్తే ఆటుపోట్ల నీరు వడిగా పారి అడుగును ఊడ్చేస్తుంది. కేసీ కాలువలో నీరు నెమ్మదించిన చోట పూడిక పడటం చూసినవారికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. కానీ కట్ట ఇసుక నడకనూ ఆపుతుంది. చెన్నై హార్బరు గోడలు లేచాక దక్షిణాన మెరీనా వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. అందుకే ఇసుకను ఆపి ఊరుకుంటే సగం పనే అంటాను. దాన్ని అవతలికి దాటించాలి. విశాఖలో పోర్టు దగ్గర పోగైన ఇసుకను డ్రెడ్జరు తోడి ఆర్కే బీచ్‌కు పంపు చేస్తుంది.

ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్టులో డ్రెడ్జరు కోసం ఎదురుచూడకుండా, 1986లో సముద్రంలోకి వంతెన కట్టి దాని కింద ఇసుకలో పది జెట్ పంపులు దించారు. సన్నని మూతిలోంచి నీటిని గట్టిగా చిమ్మితే చుట్టూ ఉన్న ఇసుక లోపలికి లాక్కుపోతుంది, గుంత పడుతుంది. తీరం వెంట వచ్చే ఇసుక తనంతట తానే వచ్చి ఆ గుంతలో పడుతుంది. నీటితో కలిసిన ఆ ఇసుక మొగ అడుగున వేసిన పైపులో అవతలి ఒడ్డు చేరుతుంది. ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు! పది ఘనపు మీటర్ల టిప్పరుతో తోలితే 50 వేల ట్రిప్పులు. ఇసుకలో పూడ్చిన భాగంలో తిరిగే చక్రమేదీ లేదు కాబట్టి అరుగుదల తక్కువ. బెడదల్లా చెత్తతోనే: దుంగలూ రాళ్లూ గుంతలో చేరి మూతికి అడ్డం పడతాయి. మనం డ్రిప్పు ఫిల్టరు కడిగినట్టు వాళ్లూ ఆ గుంతలను శుభ్రం చేస్తూనే ఉండాలి.