గెలిచిన ఇంట్లో గ్రూప్ ఫోటో: అపోహలు - వాస్తవాలు

ఎన్నికల ఫలితం వచ్చిన రోజు ఫోటో తీయడానికి ఏ నాయకుడి ఇంటికి వెళ్ళినా ఈ మాట వినాల్సిందే. "రాని వాళ్ళ కోసం ఆగొద్దన్నా, తర్వాత ఫోటోషాప్‌లో పెట్టేద్దువు."

పెట్టగలను. కానీ అతికించినట్టు తెలిసిపోతుంది. వరండాలో వెలుగు ఎడమ పక్క నుంచి పడుతుంటే, మీరిచ్చే పాత పెళ్ళి ఫోటోలో ఫ్లాష్ ఎదురుగా మొహం మీద కొట్టి ఉంటుంది. గెలిచిన రోజు అందరి మెడల మీద, చెవుల వెనక గులాల్ ఉంటుంది. అతికించిన మనిషి ఒక్కరే కడిగిన ముత్యంలా కనిపిస్తారు. వాళ్ళ నీడ పక్కవాళ్ళ భుజం మీద పడదు. "ఇప్పుడు ఏఐ ఉందిగా" అంటున్నారు. అది చర్మం నున్నగా చేసి, కళ్ళ దగ్గర ఏదో మార్చేస్తుంది. మీ అమ్మ మొహం మీకు తెలియదా?

చాలా ఏళ్ళ కిందట ఒక సర్పంచ్ ఇంట్లో నేనూ ఈ మాటకు ఒప్పుకున్నాను. నాయనమ్మ లోపల మంచం మీద పడుకుని ఉంది, లేపడం ఎందుకన్నారు. పాత ఫోటోలోంచి తీసి మధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. ఫ్రేమ్ కట్టించి తీసుకెళ్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికి తీసుకుని చూసి, "నేనెప్పుడు కూర్చున్నానురా అక్కడ?" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ ఫ్రేమ్‌కి డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

ఒక్క క్లిక్ చాలన్నది కూడా తప్పే. "నేను కళ్ళు మూసేస్తానేమో" అని కోడళ్ళు టెన్షన్ పడుతుంటారు. తప్పు మీది కాదమ్మా, రెప్పవేయని మనిషి ఉండడు. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ దీనికి లెక్కే కట్టారు, 2006లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా వచ్చింది. 20 మంది లోపు ఉంటే, మంచి వెలుతురులో తలల సంఖ్యను మూడుతో, వెలుతురు తక్కువైతే రెండుతో భాగించి అన్ని ఫోటోలు తీయాలి. 18 మందికి పగలు ఆరు, చీకటి పడ్డాక తొమ్మిది. అందుకే "ఇంకొకటి, ఇంకొకటి" అంటాను, విసుక్కోకండి.

వైడ్ లెన్స్‌తో అందరూ పడతారు నిజమే, చివర నిలబడ్డవాళ్ళు లావుగా సాగిపోతారు. నన్ను వెనక్కి జరగనివ్వండి. ఫ్లెక్సీకి ఇచ్చే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ముగ్గురు కలిసి ఫోటో దిగితే కీడన్నది ఉత్త పుకారు. దానికోసం డ్రైవర్‌ని పిలిచి నాలుగో మనిషిగా నిలబెట్టకండి.

2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వచ్చిన సాయంత్రం ఒక ఎమ్మెల్యే ఇంట్లో ఉన్నాను. రిటర్నింగ్ అధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఆయన చేతిలో ఉంది, బయట కార్లు స్టార్ట్ చేసి ఉన్నాయి. లెక్కపెడితే ఒకరు తగ్గారు. చిన్నకోడలు వంటింట్లో కార్యకర్తలకు మజ్జిగ కలుపుతోందట. "తర్వాత పెట్టేద్దువులే" అన్నారెవరో. కెమెరా కిందికి దించి, ఆవిడ వచ్చేదాకా తీయనన్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఫోటోలో చివర నిలబడ్డ ఆవిడ కొంగు అంచు ఇంకా తడిగానే ఉంది.