దేవాంగ పిల్లికీ గుప్తనిధికీ ముడి ఎట్లా పడింది

అచ్చంపేటలో నాకు తెలిసిన ఒకాయన ఈ మధ్య వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. గుండ్రటి పెద్ద కళ్ల జంతువు ఒకటి రెండు చేతులూ పైకెత్తి కూర్చుంది, ఎవరో దానికి చక్కిలిగింతలు పెడుతున్నారు. కాసేపటికి ఫోనే చేశాడు. "అన్నా, ఇది దేవాంగ పిల్లంట. ఇంట్ల ఉంటే భూమిల బంగారం ఎక్కడున్నదో ఆ దిక్కే చూస్తదంట. నిజమేనా?" కొనే ఉద్దేశం ఆయనకు లేదు. ఎవరో కొన్నారని విన్నాడు, అంతే.

ఆ వీడియోలో ఉన్నది దేవాంగ పిల్లి కాదు, దాని దాయాది. పేరు స్లో లోరిస్. మన దేశంలో అస్సాం, మేఘాలయ, త్రిపుర లాంటి ఈశాన్య రాష్ట్రాల వానల అడవుల్లో, అక్కడి నుంచి ఇండోనేషియా దాకా ఉంటుంది. దక్షిణాదిన ఉండే దేవాంగ పిల్లి బక్కపలచని జీవి. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, బరువు పావుకిలో అటూ ఇటూ. శేషాచలం కొండల్లో, శ్రీహరికోటలో ఉంది. పేరులో పిల్లి ఉంది కానీ రెండూ పిల్లి జాతివి కావు. కోతులూ మనమూ ఉన్న ప్రైమేట్ల గుంపులోవి.

ఈ తికమక మన వాట్సాప్‌తో మొదలైంది కాదు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో లోరిస్‌కు 'మెల్లగా నడిచేది' అనే అర్థంలో టార్డిగ్రేడస్ అని పేరు పెట్టాడు. ఆ పేరు చివరికి బక్కదానికి స్థిరపడింది. అంతకంటే మెల్లగా నడిచే స్లో లోరిస్‌కు వేరే పేరు వెతకాల్సి వచ్చింది. కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ ఒక స్లో లోరిస్‌ను పెంచి, దాని గుణగణాల మీద వ్యాసం రాశాడు. ఆయన చనిపోయాక 1795లో అది అచ్చయింది. మామూలుగా నెమ్మదస్తురాలే అయినా చలికాలం వస్తే ఆ జీవి స్వభావమే మారిపోయేదని అందులో ఉంది. వానల అడవి వెచ్చదనానికి అలవాటుపడ్డ ప్రాణి మరి!

స్లో లోరిస్ నిదానం సోమరితనం కాదు. శరీరం ఖర్చుపెట్టే శక్తే తక్కువ. అంత బరువున్న ఇతర క్షీరదాలతో పోలిస్తే సగం కూడా ఉండదు. కొమ్మ నుంచి కొమ్మకు దూకడం దానికి చేతకాదు. ఒక చెయ్యి వదిలేముందు మిగతావి గట్టిగా పట్టుకుని, ఆకు కూడా కదలనంత మెల్లగా పాకుతుంది. చూపుడువేలు బాగా చిన్నది కావడంతో చెయ్యి పట్టకారులా పనిచేస్తుంది. చేతుల్లో, కాళ్లలో సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉండడం వల్ల గంటల తరబడి కొమ్మను పట్టుకున్నా తిమ్మిరెక్కదు. పగలంతా ముడుచుకుని పడుకుని, చీకటి పడ్డాక లేస్తుంది. తల్లి పిల్లను ఒక కొమ్మకు తగిలించి మేతకు పోతుంది.

పురుగులు, పూల తేనె, పండ్లు తింటుంది. అన్నిటికంటే ముఖ్యం చెట్టు బంక. కింది పళ్లతో బెరడును గీకి, ఊరిన బంకను నాకుతుంది. నల్లమలలో చెంచులు తపసి చెట్టుకు గాటు పెట్టి బంక తీస్తారు కదా, అలాంటి పనినే ఇది పళ్లతో చేస్తుంది. ఆ పళ్లు లేకపోతే అడవిలో బతకలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంకో సంగతి. ప్రైమేట్లలో విషం ఉన్నది ఇదొక్కటే. మోచేతి లోపలి వైపు ఒక గ్రంథి ఉంటుంది. అందులో ఊరేదాన్ని నాకి, ఉమ్మితో కలిపి కరుస్తుంది. ఆ కాటుకు మనుషులకు తీవ్రమైన అలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి. ఆ గ్రంథిలోని ప్రొటీన్ పిల్లుల వల్ల వచ్చే అలర్జీకి కారణమైన ప్రొటీన్‌ను పోలి ఉంటుందట. దాయాదికి పిల్లి అని పేరు పెట్టిన మనవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు, కానీ భలే కుదిరింది. ఇప్పుడు వీడియో మళ్లీ చూడండి. చేతులు పైకెత్తడం ముద్దు కాదు, భయం. గ్రంథిని నోటికి దగ్గర చేసుకుంటోంది. 2009లో అలాంటి వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగి, పెంచుకోవాలన్న మోజు పెంచింది. అంతకు రెండేళ్ల ముందే, 2007లో, వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని సైట్స్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) నిషేధించింది. అయినా సంతల్లో అమ్మేవాళ్లు కరవకుండా ఉండాలని పళ్లు పీకేస్తున్నారు. అలా పళ్లు పోయినవి పట్టుబడితే తిరిగి అడవిలో వదలడానికి వీల్లేదు.

దేవాంగ పిల్లి కష్టం వేరు. దానిని ముద్దు కోసం కాదు, కళ్ల కోసం పట్టారు. శ్రీలంకలో బ్రిటిష్ అధికారిగా పనిచేసిన ఎమర్సన్ టెనెంట్ 1861లో రాసిన మాట చదివితే కడుపులో దేవినట్టవుతుంది. వశీకరణ మందుకు కళ్లు కావాలని ఆ ప్రాణిని కనుగుడ్లు పగిలేదాకా నిప్పు దగ్గర పెట్టేవారట. దక్షిణాదిన కంటి మందుల్లోనూ వాడారు, జ్యోతిషం చెప్పేవాళ్లు దాని చేత చీటీలు తీయించారు. అంటే వంద ఏళ్లకు పైగా ఆ కళ్లకు ఏదో మహత్తు అంటగడుతూనే ఉన్నారు. నిజానికి కంటి వెనక ఒక పొర ఉంటుంది, వచ్చిన కొద్దిపాటి వెలుతురును మళ్లీ లోపలికే తిప్పికొడుతుంది. టార్చ్ వేస్తే ఎర్రగా మెరిసేది అందుకే. కదలకుండా ఒకవైపే చూసేది పురుగు కోసం. చీకట్లో చూసేది మట్టిలోకీ చూస్తుందని మనిషి తానే కలుపుకున్నాడని నా అనుమానం.

మన వైపు ఆ మాట ఇట్టే నాటుకుంటుంది. దేవరకొండ, రాచకొండ, పానగల్లు... ఎటు చూసినా కోటలు, పాత గుళ్లు. రాజులు పారిపోతూ బంగారం పాతిపెట్టారన్న కథ లేని ఊరు తక్కువ. నంది కింద తవ్వడం, ధ్వజస్తంభం పెకలించడం మనకు కొత్త కాదు. ఆ ఆశ మీదే బియ్యపు గింజలను లాగే మహిమ ఉందని చెప్పే రైస్ పుల్లింగ్ చెంబు, రెండు తలల పాము, ఇరవై గోళ్ల తాబేలు, గుడ్లగూబ అన్నీ అమ్ముడుపోయాయి. దేవాంగ పిల్లి ఆ వరసలో ఇంకొకటి. తమాషా ఏమిటంటే, నిధి నిజంగానే దొరికినా వెంటనే మనదైపోదు. పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది.

రెండు జంతువులూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పట్టినా, అమ్మినా, కొన్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. అదే ఏడాది తమిళనాడు కరూర్, దిండిగల్ జిల్లాల్లోని కడవూరు అడవిలో 11,806 హెక్టార్లను దేవాంగ పిల్లి కోసమే అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో అలాంటిది అదే మొదటిది.

ఇవన్నీ ఆయనకు ఫోన్‌లో చెప్పాను. "అయితే మావోడు కొన్నది ఏదన్నా మరి?" అన్నాడు. ఫొటో పంపమన్నాను. ఇంకా రాలేదు.