గిటార్ అన్నయ్య కాళ్ల దగ్గరి పెట్టెలు

విజయనగరం,
బొంకులదిబ్బ దగ్గర నుంచి

చిరంజీవులైన మనవలకీ మనవరాళ్లకీ, మీతో ఆడుకునే వీధి పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. పైడితల్లమ్మ సిరిమాను పండగ చూసి వెళ్లాక మీలో మీకు పెద్ద వాదనే నడుస్తోందని మీ అమ్మ చెప్పింది. మొదటి రాత్రి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించిన అన్నయ్య కాళ్ల దగ్గర పలక మీద రంగురంగుల పెట్టెలు వరసగా ఉన్నాయి. మర్నాడు ఇంకో స్టేజీ మీద వాయించిన అన్నయ్య దగ్గర ఒక్కటే ఉంది. "పెట్టెలు ఎక్కువున్నాయనే గొప్ప కదా తాతయ్యా? ఒక్కటే ఉన్నాయన ఇంకా నేర్చుకుంటున్నాడు కదా?" అని చిన్నది రాసింది. దాని కిందే పెద్దవాడు ఇంకో ముక్క చేర్చాడు. నారింజ రంగు పెట్టె ఉన్నవాళ్లు గోలగా వాయిస్తారనీ, ఆకుపచ్చ పెట్టె ఉన్నవాళ్లు మెత్తగా వాయిస్తారనీ వాళ్ల క్లాసులో అంటున్నారట, నిజమేనా అని.

మైక్ సెట్లు అద్దెకిస్తూ, యాంప్లిఫయర్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి. ఇలాంటి ప్రశ్న అడిగితే నాకు పండగే. నిదానంగా చదవండి.

ముందు నాన్నమ్మ పోపుల డబ్బా మూత తీసి చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపప్పు, ఎండుమిర్చి, ఓ మూల ఇంగువ. గిటార్‌లో తీగ కదిలితే దాని కింద అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగలో సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటు వైరులోంచి యాంప్లిఫయర్‌కి వెళ్లి శబ్దం అవుతుంది. వంటకి అదే అసలు కూర అనుకోండి. దారిలో దానికి తగిలించే పోపే మీరు చూసిన ఈ పెట్టె, దీన్నే పెడల్ అంటారు. కాలితో నొక్కితే పని మొదలుపెడుతుంది, మళ్లీ నొక్కితే ఊరుకుంటుంది. చాలావాటికి 9 వోల్టుల కరెంటు సరిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, డబ్బా చూసి నాన్నమ్మ వంట ఎలా ఉంటుందో చెప్పగలరా? కొంత చెప్పగలరు. ఇంగువ గది ఖాళీగా ఉంటే ఈ ఇంట్లో ఇంగువ బాగా వాడతారని తెలుస్తుంది. ఆవాలు చిటపటమనేదాకా ఆగుతుందా, మెంతులు మాడకముందే దించుతుందా అన్నది మాత్రం డబ్బాలో కనపడదు. అది ఆవిడ చేతిలో ఉంది.

గరగరమనే పెడల్ సంగతి చెప్తాను, అది నాకు బాగా తెలిసిన విషయం. పెళ్లివారు "సౌండు పెంచవయ్యా" అని మీద పడితే, యాంప్లిఫయర్ శక్తికి మించి పెంచగానే బూరలోంచి గొంతు బొంగురుగా వస్తుంది. శబ్దమంటే ఎత్తుపల్లాలుగా సాగే అల. యాంప్లిఫయర్‌లో ఒక ఎత్తు వరకే చోటుంటుంది. దాన్ని దాటి ఎగసిన అల కొసలు తెగిపోయి, గుండ్రంగా ఉండాల్సిన నెత్తి చదునైపోతుంది. అలా తెగినప్పుడు అసలు పాటలో లేని కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి, అసలు స్వరానికి రెండింతలూ మూడింతలూ వేగంతో కంపించేవి. మేము పరిగెత్తుకెళ్లి తగ్గించే ఆ గరగరనే గిటార్ వాళ్లు కోరి తెచ్చుకుంటారు. కొసలు కాస్త తెగితే ఓవర్‌డ్రైవ్, ఇంకా తెగితే డిస్టార్షన్, నరికి పారేస్తే ఫజ్.

ఇది మొదట కొట్లో అమ్మకానికి ఎలా వచ్చిందో తెలుసా? 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఓ పాట రికార్డు చేస్తుండగా మిక్సింగ్ యంత్రంలో ఏదో భాగం చెడి బేస్ గిటార్ బొంగురుపోయింది. బాగుంది కదా అని వాళ్లు అలాగే ఉంచేశారు. అక్కడ పనిచేసిన గ్లెన్ స్నోడీ అనే ఇంజనీరు ఇంకొకరితో కలిసి ఆ చప్పుడు చేసే చిన్న సర్క్యూట్ తయారుచేసి గిబ్సన్ కంపెనీకి ఇచ్చాడు. 1962లో అది మ్యాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో వచ్చింది. మొదట్లో అడిగినవాళ్లు తక్కువ. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందంలో కీత్ రిచర్డ్స్ ఓ పాటలో వాడాక, ఆ ఏడాది తిరిగేసరికి కొట్లలో సరుకు మిగల్లేదు. యంత్రం చెడితే విసుక్కోకుండా ఆగి విన్నారు చూడండి, ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం.

పోపు దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే అసలు సంగతి ఇప్పుడొస్తుంది.

నా చిన్నప్పుడు మా వీధిలో పెళ్లంటే పనసపొట్టు కూర ఉండాల్సిందే. తెల్లవారకముందే అరుగు మీద పనసకాయ కొట్టే చప్పుడుకి లేచేవాళ్లం. చేతికి నూనె రాసుకున్నా పాలు జిగురుగా అంటుకునేవి. వంటాయన మాత్రం ఉత్త చేతులతో వచ్చేవాడు. పెళ్లివారింటి డబ్బా ఏదుంటే దానితోనే వండేవాడు. ఒకే ఆవాలని రెండు రకాలుగా వాడేవాడు. గుప్పెడు కాగిన నూనెలో వేసి చిటపటలాడించేవాడు. ఇంకో గుప్పెడు పచ్చివే నూరించి, కూర పొయ్యి మీంచి దించాక కలిపేవాడు. మన వైపు ఆవ పెట్టడం అంటే అదే కదా. వేగిన ఆవాలు కమ్మగా ఉంటాయి, నూరిన ఆవ ముక్కుకి ఎక్కుతుంది. గింజ అదే, వేసిన వేళ వేరు. నూరే పని పిల్లలకి ఇస్తే కళ్లమ్మట నీళ్లు కారుతున్నా పోటీపడి నూరేవాళ్లం, ఎందుకంటే నూరినవాళ్లకి పనసతొనలు ముందు పెట్టేవారు.

పెడళ్లు కూడా అంతే. డిలే అనే పెడల్ ఉంది, వాయించిన ముక్కని గుర్తుపెట్టుకుని కాసేపాగి మళ్లీ వినిపిస్తుంది. గరగర పెడల్ ముందుండి డిలే తర్వాత ఉంటే, ప్రతి మారుమోతా విడివిడిగా శుభ్రంగా వినిపిస్తుంది. వరస మార్చి డిలే ముందు పెడితే, అసలు స్వరమూ దాని మారుమోతలూ కలిసి ఒకేసారి గరగరలో పడి ముద్దైపోతాయి. ఆ ముద్దే కావాలని అలా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, అదో రుచి. అవే రెండు పెట్టెలు, అదే గిటార్. అందుకే ఏ పెట్టెలున్నాయని లెక్కపెట్టేకంటే ఏది దేని తర్వాత ఉందో చూస్తే ఆ మనిషి గురించి ఎక్కువ తెలుస్తుంది.

పెద్దవాడి రంగుల సంగతికి జవాబు. నారింజ పెట్టె జపాన్‌కి చెందిన బాస్ కంపెనీ డీఎస్-1. 1978లో వచ్చింది. దాన్ని అమెరికా గిటార్ వాద్యకారులు ఇద్దరు వాడారు, కర్ట్ కొబెయిన్ ఒకడు, జో సాట్రియాని ఇంకొకడు. మొదటాయన తీగల్ని కోపంగా బాదుతూ నాలుగు కార్డ్‌లతో, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులతో, పాట కట్టేవాడు. రెండో ఆయన ఒక్కో స్వరాన్నీ ఎంతో వేగంగా, తేటగా పలికిస్తాడు. పెట్టె మాత్రం ఒకటే. ఇక ఆకుపచ్చది ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్. దాన్ని వాడి పేరుపొందినవాడు టెక్సస్‌కి చెందిన స్టీవీ రే వాన్. లావుపాటి తీగలు కట్టుకుని, చెయ్యి నొప్పెట్టేలా బలంగా వాయించేవాడు. మెత్తదనం ఎక్కడుంది? మీ క్లాసులో వాళ్లకి ఆ ఇద్దర్నీ, ఈయన్నీ వినిపించండి.

చిన్నదాని ప్రశ్నకి ఇప్పుడు చెప్తాను. ఎక్కువ పెట్టెలున్న అన్నయ్య డాబుకి తెచ్చాడని కొందరు పెద్దలు అనుకుంటారు, అదీ తప్పే. ఆర్కెస్ట్రాలో ఒక్క రాత్రి పాత పాటలూ కొత్త పాటలూ వాయించాలి. ఒక్కో పాటలో గిటార్ ఒక్కోలా మోగుతుంది. నలుగురికి వండే డబ్బా పెళ్లి వంటకి చాలదు కదా. ఆ అబ్బాయి పెళ్లి వంట చేస్తున్నాడు. రెండో అన్నయ్య దగ్గరున్న ఒక్క పెట్టె ఏమిటో నేను స్టేజీ దగ్గరికి వెళ్లి చూశాను. అది ట్యూనర్. అది శబ్దానికి ఏ రుచీ కలపదు, తీగ శ్రుతిలో ఉందో లేదో దీపంతో చూపిస్తుందంతే. పాటకీ పాటకీ మధ్య ఆయన దాన్ని నొక్కి, శబ్దం బయటికి రాకుండా శ్రుతి సరిచూసుకున్నాడు. మిగతా అన్నిటికంటే శ్రుతి ముందు అనుకున్న పిల్లవాడన్నమాట. మన ఊళ్లోనే 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. ఆ మెట్ల మీద ఈ అబ్బాయి ఎప్పుడైనా కూర్చున్నాడో లేదో గానీ, అలవాటు మాత్రం అక్కడిదే అనిపించింది.

ఇంకో మాట చెప్పాలి. అమెరికాలో బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి క్లాన్ సెంటార్ అనే పెడల్ చేసి అమ్మాడు. లోపల సర్క్యూట్ ఎవరూ చూడకుండా నల్లటి జిగురు పోసి మూసేసేవాడు. ఇప్పుడు ఆ పాత పెట్టెల్లో ఒక్కోటి వేల డాలర్లు పలుకుతోంది. అది మంచి పెడలే. కానీ స్టేజీ మీద అది కనిపిస్తే చాలు, వాయించకముందే మనిషి గొప్పవాడని నమ్మేసేవాళ్లున్నారు. ఇంట్లో డబ్బులేక తమ్ముడి పెడల్ అడిగి తెచ్చుకున్న పిల్లవాణ్ణి చూసి పెదవి విరిచేవాళ్లూ వీళ్లే. మీరు అలా చెయ్యొద్దు. ఒకరి వస్తువులు చూసి వాళ్లకి వెలకట్టడం మన ఇంట్లో ఎవరూ చెయ్యలేదు.

మాండలిన్ శ్రీనివాస్ గారు పాలకొల్లు పిల్లవాడిగా కరెంటు మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించారు. మామూలు మాండలిన్‌కి ఉండే జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టుకున్నారు. ఆ ఇనప తీగలోంచి అంత మెత్తటి గమకం ఎలా వచ్చిందని నేను యాంప్లిఫయర్ల లెక్కలన్నీ వేసి చూసుకుని, చివరికి లెక్కలు పక్కనపెట్టి విన్నాను. మీరూ వినండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లీ ఏదో ఒక ఆర్కెస్ట్రా ఉంటుంది. జనం రాకముందే, సౌండు సరిచూసుకునే వేళకి వెళ్లండి. గిటార్ అన్నయ్యని "చూడొచ్చా అన్నయ్యా" అని అడగండి. గిటార్ దగ్గర మొదలుపెట్టి వైరు ఏ పెట్టెలోంచి ఏ పెట్టెలోకి వెళ్తోందో వరసగా కాగితం మీద రాసుకోండి. పాట మొదలయ్యాక పల్లవి అంతా కళ్లు మూసుకుని వినండి. చరణంలో కళ్లు తెరిచి ఆయన కాలు చూడండి. ఎప్పుడు నొక్కాడు, ఎప్పుడు నొక్కకుండా వదిలేశాడు అన్నది రాసి నాకు పంపండి. తడి చేతులతో వైర్ల దగ్గరికి వెళ్లకండి. అడగకుండా ఏ బటనూ ముట్టుకోకండి.

మీ
తాతయ్య