డాకింగ్ స్కోరు మైనస్ 11 వచ్చింది, మరి మందు దొరికినట్టేనా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక పెళ్ళిలో మా బాబాయి పక్కన కూర్చోబెట్టుకుని, "ఏరా, కంప్యూటర్లోనే మందులు కనిపెట్టేస్తావట కదా, నా మోకాళ్ళకి ఒకటి చూడరాదూ" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఎమ్మెస్సీ కుర్రాడు ఒకడు "సార్, మైనస్ 11 వచ్చింది, పేపర్ రాసెయ్యొచ్చా?" అని మెయిల్ పెడితే మాత్రం నవ్వు రాలేదు. డాకింగ్ అంటే మందు అణువు ప్రొటీన్ గుంటలో ఎలా కూర్చుంటుందో, ఎంత బలంగా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో అంచనా వెయ్యడం. ఆ అంచనాకి వచ్చే అంకె స్కోరు, అది ఎంత మైనస్‌లో ఉంటే అంత మంచిదంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసేది ఏబీఎల్ అనే మానవ ప్రొటీన్ మీద. ఇదొక కైనేజ్, అంటే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) నుంచి ఫాస్ఫేట్ తీసి వేరే ప్రొటీన్లకు తగిలించే ఎంజైమ్. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటే దీని జన్యువు బీసీఆర్ అనే మరో జన్యువుతో అతుక్కుపోతుంది. అలా పుట్టిన ప్రొటీన్ ఆగకుండా పనిచేస్తూ సీఎమ్ఎల్ అనే రక్తక్యాన్సర్ తెచ్చిపెడుతుంది. దాన్ని ఆపే ఇమాటినిబ్‌కు అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో అమ్మే వీనాట్ ఆ మందే.

అపోహ: ఇమాటినిబ్‌ను కంప్యూటర్‌లో డిజైన్ చేశారు.

లేదు. ల్యాబ్‌లో రసాయనాలను వరసగా పరీక్షిస్తుంటే ఒక మూల అణువు తగిలింది. కెమిస్టులు దానికి ఇక్కడొక మిథైల్, అక్కడొక పైపెరజీన్ లాంటి చిన్న ముక్కలు తగిలించి దారికి తెచ్చారు. రోగుల మీద పరీక్షలు 1998లోనే మొదలయ్యాయి. ఈ రకం మందు ఏబీఎల్‌లో ఎలా కూర్చుంటుందో చూపించిన క్రిస్టల్ స్ట్రక్చర్ (ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేలతో తీసే ఆకారం) 2000లో వచ్చింది.

అపోహ: స్కోరు ఎంత మైనస్‌లో ఉంటే మందు అంత బలంగా అతుక్కుంటుంది.

స్కోరును మోల్‌కు కిలోక్యాలరీల్లో చెబుతారు. అందులో 1.4 కిలోక్యాలరీల తేడా అంటే అతుక్కునే బలంలో దాదాపు 10 రెట్ల తేడా. డాకింగ్ స్కోర్లలోనేమో 2-3 కిలోక్యాలరీల పొరపాటు మామూలే. కాబట్టి మైనస్ 9కీ మైనస్ 11కీ మధ్య పందెం కట్టకండి. పైగా అణువు పెద్దదైతే ఎక్కువ చోట్ల తగులుతుంది, స్కోరు దానంతట అదే ఇంకా మైనస్‌లోకి పోతుంది. కరోనా రోజుల్లో పసుపు, తిప్పతీగ అణువులు వైరస్ ప్రొటీన్లకు "అద్భుతంగా" అతుక్కున్నాయని ఎన్ని పేపర్లు వచ్చాయో గుర్తుందా? పసుపులోని కర్క్యుమిన్ ఏ ప్రొటీన్‌కు డాక్ చేసినా దాదాపు మంచి స్కోరే ఇస్తుంది. పప్పులో పసుపు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: క్రిస్టల్ స్ట్రక్చర్ చేతిలో ఉంటే ప్రొటీన్ ఆకారం తెలిసినట్టే.

నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు మొదట ఇచ్చే పని ఇది. ఇమాటినిబ్‌తో కలిపి తీసిన ఏబీఎల్ స్ట్రక్చర్‌లోంచి మందును తీసేసి, మళ్ళీ అక్కడే డాక్ చెయ్యమంటాను. చక్కగా కూర్చుంటుంది, అందరికీ సంతోషం. తర్వాత డాసాటినిబ్ అనే మరో ఏబీఎల్ మందుతో కలిపి తీసిన ఏబీఎల్ స్ట్రక్చర్ ఇచ్చి, అందులో ఇమాటినిబ్‌ను పెట్టమంటాను. పట్టదు. 382వ స్థానంలోని ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం తలుపు గడియలా అడ్డం పడి ఉంటుంది. ఇమాటినిబ్‌కు ఆ గడియ పక్కకు జరిగిన ఏబీఎల్ కావాలి, డాసాటినిబ్‌కు ఆ పట్టింపు లేదు. ప్రొటీన్ అదే, ఆకారాలు రెండు. మొదటి పరీక్ష నెగ్గడమంటే ఎవరి చెప్పు వాళ్ళ కాలికే తొడిగి సరిపోయిందనడం.

ఇంతకంటే చిక్కు సార్క్ కైనేజ్‌తో వచ్చింది (దేశాల కూటమి కాదు, ఇదీ మన ఒంట్లోని ప్రొటీనే). మందు కూర్చునే చోట అమైనో ఆమ్లాలు సార్క్‌లోనూ ఏబీఎల్‌లోనూ దాదాపు ఒకటే. 2007లో సార్క్‌తో ఇమాటినిబ్ స్ట్రక్చర్ తీస్తే భంగిమ కూడా దాదాపు అదే. కానీ సార్క్‌కు అతుక్కునే బలం వేల రెట్లు తక్కువ! స్ట్రక్చర్లు రెండూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా కారణం కనబడదు. గడియ జరగడానికి సార్క్‌కు ఎక్కువ శక్తి ఖర్చవుతుందనీ, మందు పట్టు కూడా కొంత వదులనీ సిమ్యులేషన్లు (అణువుల కదలికలను కంప్యూటర్‌లో అడుగడుగునా లెక్కించడం) చెప్పాయి. అసలు సంగతి మందు లోపలికి వచ్చాక ప్రొటీన్ నెమ్మదిగా దాని చుట్టూ సర్దుకోవడంలో ఉందని డొరొతీ కెర్న్ అనే శాస్త్రవేత్త బృందం ప్రయోగాలతో చూపించింది. నేను రెండో వైపుకే మొగ్గుతాను. ఏదైనా గాని, రెండూ కదలికల కథలే. ఒక్క ఫొటోలో అవి పడవు. ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో నోబెల్ వచ్చింది, వచ్చి తీరాల్సిందే, కానీ అది చేతికిచ్చేదీ ప్రధానంగా ఒక ఫొటోనే.

అపోహ: 100 నానోసెకన్ల సిమ్యులేషన్‌లో మందు కదల్లేదు, అంటే గట్టిగా పట్టుకుంది.

బస్టాండులో రెప్పపాటు నిలబడి ఈ ఊరికి బస్సులే లేవన్నట్టుంది ఇది. అణువుల కదలికను 2 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే నానోసెకనులో పది లక్షో వంతు) చొప్పున లెక్కిస్తే ఒక్క మైక్రోసెకనుకు 50 కోట్ల అడుగులు కావాలి. ఇమాటినిబ్ ఏబీఎల్‌ను వదిలి రావడానికి నిమిషాలు పడుతుంది. ఒక నిమిషంలో 6 కోట్ల మైక్రోసెకన్లు. మీరే గుణించుకోండి. దీన్ని దాటడానికి వేరే పద్ధతులున్నాయి. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు అణువుల్లో ఏది మెరుగో పోల్చి చెప్పడంలో మా లెక్కలు ఈమధ్య బాగానే పనికొస్తున్నాయి.

అపోహ: మందు ఏటీపీ కూర్చునే గుంటలోనే పడాలి.

మామూలు ఏబీఎల్‌కు ఒక చివర కొవ్వు తోక ఉంటుంది. అది ప్రొటీన్ వెనకవైపు గుంటలో దూరి, పక్క భాగాలన్నింటినీ బిగించి, దాన్ని ఆపి ఉంచుతుంది. బీసీఆర్ అతుక్కున్నప్పుడు ఆ చివరే ఊడిపోతుంది. 2021లో అనుమతి పొందిన అసిమినిబ్ ఆ ఖాళీ గుంటలో కూర్చుని తోక పని తాను చేస్తుంది. వెతికే చోటుగా ఏటీపీ గుంట చుట్టూ మాత్రమే డబ్బా గీసి డాక్ చేసేవాళ్ళకు ఇది ఎప్పటికీ దొరకదు.

అపోహ: ప్రొటీన్‌కు అతుక్కుంటే పనిచేసినట్టే.

మా సిమ్యులేషన్ డబ్బాలో ఒక ప్రొటీన్, ఒక మందు, నీళ్ళు, కాస్త ఉప్పు. రక్తంలోనో? ఇమాటినిబ్‌లో 95 శాతం దాకా ఆల్బుమిన్ లాంటి ప్లాస్మా ప్రొటీన్లే పట్టుకుని ఉంటాయి. మిగిలింది కణంలోకి వెళ్ళాలి, లివర్ చేతిలో కరిగిపోకుండా ఉండాలి. అక్కడికి చేరాక ఏబీఎల్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ ఉందా, అంతే, ఇమాటినిబ్ పనిచేయదు.

ఆ మైనస్ 11 కుర్రాడికి అదే ప్రొటీన్‌ది రెండో ఆకారం ఉన్న స్ట్రక్చర్ పంపించాను. రెండు రోజులకు జవాబొచ్చింది: "సార్, మైనస్ 6కి పడిపోయింది. పాతదే పేపర్లో పెడితే తప్పా?" రెండూ పెట్టమన్నాను. ఇంకా జవాబు లేదు.